క్వెర్సెటిన్ 500 క్యాప్సూల్స్ రివ్యూ: వేరే మందులు వాడేవాళ్ళు కొనే ముందు ఇది చదవండి

ముందు రేటింగ్ చెప్పేస్తానండి, ఐదుకి మూడు. లోపల ఉన్న క్యాప్సూల్ కి నాలుగు ఇవ్వచ్చు, డబ్బా మీద రాతకి ఒకటి ఇవ్వడమే ఎక్కువ, రెండూ కలిపి చూసుకుని మూడు దగ్గర ఆగాను. బ్రాండ్ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇదే లోపం నేను చేతిలోకి తీసుకుని చూసిన మిగతా కంపెనీల డబ్బాల మీద కూడా ఉంది, ఒక్కళ్ళని పట్టుకుని అనడం బాగోదు. నేను హాస్పిటల్ ఫార్మసీ కౌంటర్ లో పనిచేస్తాను, రోజంతా ప్రిస్క్రిప్షన్లు చదివి మందులు ఇచ్చే పని, అందుకని ఈ రివ్యూ ఎక్కువగా "వేరే మందులతో కలిస్తే ఏమవుతుంది" అన్న వైపే పోతుంది. నాకు అదే ముఖ్యం అనిపించింది కూడా.

డబ్బాలో 60 వెజ్ క్యాప్సూల్స్, ఒక్కో దాంట్లో క్వెర్సెటిన్ (ఉల్లిపాయ లాంటి మొక్కల్లో ఉండే పదార్థం) 500 మిల్లీగ్రాములు, బ్రోమెలైన్ (అనాసపండు ఎంజైమ్) 100 మిల్లీగ్రాములు, రోజుకి ఒకటి లేదా రెండు వేసుకోమని రాశారు. మా చెల్లికి డస్ట్ ఎలర్జీ, పొద్దున లేస్తే తుమ్ములు ఆగవు, దుప్పట్లు దులిపితే కళ్ళు ఎర్రగా అయిపోతాయి, దానికోసం ఆన్‌లైన్‌లో తెప్పించుకుని మొదలుపెట్టే ముందు "అక్కా, ఒకసారి చూసి చెప్పు" అని నా చేతిలో పెట్టింది. డబ్బా మీద పెద్ద అక్షరాలతో సహజమైన యాంటీహిస్టమిన్, అంటే ఎలర్జీ తగ్గించే మందు, అని ఉంది. ఈ మధ్య దీన్ని అడుగుతున్నవాళ్ళు మా కౌంటర్ దగ్గర కూడా బాగా పెరిగారు, కొంతమంది ఎలర్జీకి, కొంతమంది కరోనా టైంలో జింక్ తో కలిపి వాడటం మొదలుపెట్టి ఇప్పటికీ మానని వాళ్ళు, ఇంకొంతమంది వయసు వెనక్కి తిప్పుతుందని వీడియోల్లో విన్నవాళ్ళు. అమెరికా నుంచి వచ్చే పిల్లలు అమ్మానాన్నల కోసం సూట్‌కేసులో రెండు మూడు డబ్బాలు పెట్టుకురావడం కూడా మామూలైపోయింది.

వస్తువు గురించి ముందు చెప్తా. ఒక క్యాప్సూల్ ని విప్పి స్టీలు పళ్ళెంలో పోసి చూశాను, లోపల చిక్కటి పసుపు రంగు పొడి, వేలికి అంటుకుంటే అచ్చం వంటింటి పసుపు లాగే రంగు దిగుతుంది, సబ్బుతో కడిగినా కొంచెం మిగిలింది. గ్లాసు నీళ్ళలో చిటికెడు వేస్తే పైన తేలుతూ ఉండిపోయింది, చెంచాతో తిప్పితే మసకగా అయ్యింది తప్ప కరగలేదు, కాసేపటికి అడుగుకి చేరిపోయింది. ఇది కల్తీ కాదండి, క్వెర్సెటిన్ గుణమే అది, నీళ్ళలో చాలా తక్కువ కరుగుతుంది, అందుకే మింగిన దాంట్లో కొంచెమే ఒంటికి పడుతుంది. ఆ పట్టిన దాన్ని కూడా పేగు గోడలు, లివరు వెంటనే వేరే రూపాల్లోకి మార్చేస్తాయి, రక్తంలో తిరిగేది ఎక్కువగా ఆ మారిన రూపాలే. అయితే అవి త్వరగా పోవు, సగానికి తగ్గడానికి 11 నుంచి 28 గంటల దాకా పడుతుంది, అంటే రోజూ వేసుకునేవాళ్ళ ఒంట్లో నిన్నటిది పూర్తిగా పోకముందే ఇవాళ్టిది వచ్చి చేరుతుంది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, "ఆ మందు పొద్దున వేసుకుని ఇది రాత్రి వేసుకుంటా, గ్యాప్ ఇస్తే చాలు కదా" అని అడిగేవాళ్ళకి సమాధానం ఇందులోనే ఉంది, గ్యాప్ ఇచ్చినంత మాత్రాన అన్ని మందుల విషయంలో సరిపోదు.

క్వెర్సెటిన్ అంటే ఏదో ఫ్యాక్టరీలో కనిపెట్టింది కాదు, మొక్కల్లో ఉండే ఫ్లేవనాయిడ్ అనే జాతిలోది. ఉల్లిపాయ, యాపిల్, టీ, మునగాకు, వీటన్నిట్లో ఉంటుంది, ఉల్లిపాయలో అయితే పైపొరల్లో ఎక్కువ, లోపలికి వెళ్ళేకొద్దీ తక్కువ. మామూలు తిండి నుంచి మనిషికి రోజుకి కొన్ని పదుల మిల్లీగ్రాములు వస్తుంది. వంద గ్రాముల ఎర్ర ఉల్లిపాయలో సుమారు 30 మిల్లీగ్రాములు అనుకుంటే 500 కావాలంటే కిలోన్నర పైన ఉల్లిపాయలు తినాలి, ఒక్క రోజులో, ఒక్క మనిషి. తిండిలో ఉన్నదే కదా అనే మాట ఇక్కడే తేడా కొడుతుంది.

పని చేస్తుందా అంటే, బీపీ మీద కొంచెం చేస్తుంది, చాలా ట్రయల్స్ కలిపి లెక్కేసిన 2016 విశ్లేషణలో పై బీపీ 3 పాయింట్లు, కింది బీపీ రెండున్నర పాయింట్లు తగ్గింది, అది కూడా రోజుకి 500 దాటినవాళ్ళలోనే బాగా కనపడింది. బీపీ మాత్ర మానేసి దీని మీద ఆధారపడేంత తగ్గుదల కాదిది. ఎలర్జీ విషయంలో ల్యాబులో మాస్ట్ కణాలనే ఎలర్జీ కణాల నుంచి హిస్టమిన్ (తుమ్ములు, దురద తెప్పించే రసాయనం) విడుదల తగ్గించడం గట్టిగానే కనపడింది, మనుషుల మీద చేసినవి మాత్రం చిన్న చిన్నవి. కరోనాకి మందు అని అమ్మినవాళ్ళకి అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వార్నింగ్ లెటర్లు కూడా పంపింది. వయసు తగ్గించే సంగతి అయితే అది వేరే కథ, ముసలి కణాలని తీసేయడం కోసం డాక్టర్లు ప్రయత్నించింది క్వెర్సెటిన్ ఒక్కదాన్నే కాదు, డసాటినిబ్ అనే బ్లడ్ క్యాన్సర్ మందుతో కలిపి. 2019లో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు ఉన్న 14 మంది మీద చేసిన మొదటి ట్రయల్ లో వారానికి 3 రోజుల చొప్పున 3 వారాలు ఇచ్చి ఆపేశారు. దాన్ని చూపించి ఏడాది పొడుగునా రోజుకి రెండు క్యాప్సూల్స్ మింగమనడం నాకు అస్సలు నచ్చలేదు.

ఇప్పుడు సేఫ్టీ. వేరే ఏ మందూ వాడని, కిడ్నీలు బాగున్న పెద్దవాళ్ళకి ఇది మొత్తం మీద సేఫే, అది ఒప్పుకోవాలి. అమెరికాలో 2010లో ఒకసారికి 500 మిల్లీగ్రాముల వరకు ఆహారంలో కలపడానికి ఎఫ్‌డీఏ అభ్యంతరం చెప్పలేదు. రోజుకి 1000 దాకా 12 వారాలు ఇచ్చిన ట్రయల్స్ లో పెద్ద ఇబ్బందులు రాలేదు, కొంతమందికి తలనొప్పి, కడుపులో తిప్పడం, చేతులు కాళ్ళు తిమ్మిరిగా అనిపించడం, అంతే. ఆ 12 వారాలు దాటాక అంత డోసుకి మనుషుల్లో డేటా చాలా పల్చగా ఉంది. మా కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్ళు చూస్తే ఏళ్ళ తరబడి వాడేవాళ్ళే, "విటమిన్ లాంటిదే కదమ్మా" అంటారు. విటమిన్ కాదండి ఇది, ఒంటికి తప్పనిసరి కాదు, లేకపోతే వచ్చే లోపం జబ్బు ఏదీ లేదు.

క్యాన్సర్ వస్తుందట కదా అని కూడా ఒకాయన అడిగారు. ల్యాబులో బ్యాక్టీరియా మీద చేసే పరీక్షలో ఇది జన్యువుల్ని మారుస్తుందని పాత రోజుల్లోనే తేలింది, 1992లో అమెరికా వాళ్ళు ఎలుకలకి రెండేళ్ళు చాలా పెద్ద డోసుల్లో తినిపిస్తే మగ ఎలుకల కిడ్నీల్లో గడ్డలు కనపడ్డాయి. కానీ బతికున్న జంతువుల ఒంట్లో ఆ జన్యువుల మార్పు కనపడలేదు, 1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని మనుషులకి క్యాన్సర్ తెస్తుందని చెప్పలేని మూడో గ్రూపులో పెట్టింది. కాబట్టి ఆ భయం అక్కర్లేదు. కిడ్నీ సంగతి మాత్రం వేరు, 1996లో బ్రిటన్ లో క్యాన్సర్ పేషెంట్లకి దీన్ని నేరుగా నరంలోకి ఎక్కించి చూసినప్పుడు డోసు పెంచేకొద్దీ కిడ్నీలు దెబ్బతిన్నాయి. నోటితో మింగితే అంత రక్తంలోకి వెళ్ళదు, నిజమే, కానీ కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఇప్పటికే ఎక్కువున్న షుగర్ పేషెంట్లు దీని జోలికి పోకపోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

ఇక నేను అసలు రాయాలనుకున్నది. ఎలర్జీకి అని ఈ డబ్బా కొనేవాళ్ళు ఇప్పటికే ఏం వాడుతుంటారు? సెట్రిజిన్, లేదంటే మత్తు రాదని ఫెక్సోఫెనడిన్, అదే అల్లెగ్రా. మా చెల్లి కూడా అదే. కొరియాలో ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లకి క్వెర్సెటిన్ 500 చొప్పున రోజుకి మూడుసార్లు ఒక వారం ఇచ్చి, తర్వాత ఒక ఫెక్సోఫెనడిన్ మాత్ర ఇచ్చి రక్తంలో కొలిస్తే, మామూలుగా ఒంటికి పట్టేదానికంటే 55 శాతం ఎక్కువ పట్టింది. అంటే ఎవరికోసమైతే ఈ క్యాప్సూల్ తయారుచేసి అమ్ముతున్నారో వాళ్ళు వాడే మందుతోనే దీనికి ఇంటరాక్షన్ ఉంది, అది కూడా మనుషుల మీద కొలిచి చూపించినది, డబ్బా మీద దాని గురించి ఒక్క ముక్క లేదు. ఫెక్సోఫెనడిన్ చాలా సేఫ్ మందు, 55 శాతం పెరిగితే ప్రాణం మీదకి ఏమీ రాదు, మా చెల్లికి కూడా అదే చెప్పాను, మొదట ఏదో ఒకటే వాడు, రెండూ కలిపితే ఏది పనిచేస్తుందో కూడా తెలీదు అని. కానీ ఆ 55 శాతం ఎందుకు పెరిగిందో తెలిస్తే మిగతా మందుల సంగతి అర్థమవుతుంది.

పేగు గోడల్లో పి-గ్లైకోప్రోటీన్ అనే పంపు ఉంటుంది, లోపలికి వచ్చిన కొన్ని మందుల్ని పట్టుకుని మళ్ళీ పేగులోకే తోసేస్తూ ఉంటుంది, కంపెనీలు మాత్ర డోసు లెక్కకట్టేటప్పుడు ఈ తోసేసేది కూడా లెక్కలో ఉంటుంది. క్వెర్సెటిన్ ఆ పంపు పనిని తగ్గిస్తుంది, దాంతో తోసేయాల్సిన మందు లోపలే ఉండిపోతుంది. ఫెక్సోఫెనడిన్ వెళ్ళే ఆ దారిలోనే డిగాక్సిన్ కూడా వెళ్తుంది. డిగాక్సిన్ గుండెకి వాడే పాత మందు, చాలామంది డాక్టర్లు ఇప్పటికీ వారంలో 5 రోజులు వేసుకుని 2 రోజులు ఆపమని రాస్తారు, ఎందుకంటే పనిచేసే డోసుకీ విషం అయ్యే డోసుకీ మధ్య దూరం అంత తక్కువ. 2004లో వచ్చిన ఒక స్టడీలో పందులకి డిగాక్సిన్ తో పాటు క్వెర్సెటిన్ కిలో బరువుకి 50 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చారు, మూడింట్లో రెండు పందులు అరగంటలోపే చనిపోయాయి. డోసు కొంచెం తగ్గించి ఇచ్చినా రక్తంలో డిగాక్సిన్ కొన్ని రెట్లు పెరిగింది. పంది, మనిషి ఒకటి కాదు, 60 కిలోల మనిషికి ఆ లెక్కన ఒకేసారి ఆరు క్యాప్సూల్స్ అవుతాయి, ఎవరూ అన్ని మింగరు, అది కూడా చెప్పాలి. అయినా సరే డిగాక్సిన్ వాడే మనిషి చేతిలో ఈ డబ్బా చూస్తే నేను తీసేసుకుంటాను, ఇందులో రాజీ లేదు.

ఇది ఊరికే అనట్లేదు. మా పెదనాన్నకి చాలా ఏళ్ళ కింద మైట్రల్ వాల్వు మార్చారు, లోహపు వాల్వు, అప్పటినుంచి రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రోమ్ వాడుతున్నారు, డిగాక్సిన్ కూడా ఉంది, కొలెస్ట్రాల్ కి అటోర్వాస్టాటిన్. డల్లాస్ లో ఉండే మా అన్నయ్య మోకాళ్ళ నొప్పులకి పనికొస్తుందని ఇలాంటి క్యాప్సూల్స్ ఏవో పంపించాడు. పెదనాన్న మందుల విషయంలో ఎంత జాగ్రత్త అంటే ఐఎన్ఆర్ (రక్తం ఎంత పల్చగా ఉందో చూసే పరీక్ష) రిపోర్టులన్నీ తేదీల ప్రకారం ఒక ఫైల్లో కుట్టించి పెట్టుకుంటారు, ఆకుకూర తిన్న రోజు కూడా పక్కన రాసుకుంటారు. సీలు తీయకుండా నాకు చూపించి "ఏమ్మా, ఇందులో ఉన్నది ఉల్లిపాయలోదేనటగా, మన పులుసులో రోజూ తింటున్నదేగా, దీనికీ నా రక్తం పల్చబడే మాత్రకీ ఏం సంబంధం" అని అడిగారు. "పెదనాన్నా, పులుసులో ఉల్లిపాయ ఎంత తింటారో అంతే తినండి, ఇది మాత్రం వద్దు, కార్డియాలజిస్టుని అడగకుండా ఒక్కటి కూడా వద్దు" అన్నాను.

ఆ సంబంధం ఏంటో ఇక్కడ రాస్తాను, ఎందుకంటే మన రెండు రాష్ట్రాల్లో చిన్నప్పటి కీళ్ళజ్వరం వల్ల వాల్వులు పాడై ఆపరేషన్ అయినవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళల్లో ఎక్కువమంది ఎసిట్రోమ్ మీదో వార్ఫరిన్ మీదో ఉంటారు. ఈ రెండు మందుల్నీ లివర్ లో ముఖ్యంగా సిప్ 2సి9 అనే ఎంజైమ్ కరిగిస్తుంది, ల్యాబు పరీక్షల్లో క్వెర్సెటిన్ ఆ ఎంజైమ్ ని అడ్డుకుంటుంది. రెండోది, ఈ మందులు రక్తంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ ని పట్టుకుని తిరుగుతాయి, క్వెర్సెటిన్ కూడా దాన్నే 99 శాతం దాకా పట్టుకుంటుంది, ల్యాబులో వార్ఫరిన్ ని పక్కకి నెట్టడం చూశారు. మూడోది, క్వెర్సెటిన్ సొంతంగానే ప్లేట్‌లెట్లు అతుక్కోవడాన్ని కొంచెం తగ్గిస్తుంది. మూడూ ఒకే దిక్కుకి లాగుతాయి, రక్తస్రావం వైపుకి. మనిషి ఒంట్లో ఇది ఎంత గట్టిగా జరుగుతుందో సరిగ్గా కొలిచిన పెద్ద ట్రయల్ లేదు కదా అని వాదించేవాళ్ళు ఉన్నారు, వాల్వు ఉన్న మనిషి మీద ఆ ట్రయల్ మన ఇంట్లో చేసుకోకూడదు కదండీ. ఐఎన్ఆర్ ని 2.5కీ 3.5కీ మధ్య నిలబెట్టడానికి వాళ్ళు ఏళ్ళ తరబడి కష్టపడతారు, పైకి పోతే మెదడులో రక్తస్రావం, కిందికి పోతే వాల్వు మీద గడ్డ. క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ వాడే స్టెంట్ పేషెంట్లు కూడా ఇదే లెక్కలోకి వస్తారు.

స్టాటిన్లు, అంటే కొలెస్ట్రాల్ మాత్రల గురించి చాలామంది అడుగుతారు. ప్రవస్టాటిన్ మీద మనుషుల్లో కొలిచారు, క్వెర్సెటిన్ తో పాటు ఇస్తే 24 శాతం దాకా ఎక్కువ పట్టింది, లివర్ లోకి మందుని తీసుకెళ్ళే దారిని ఇది అడ్డుకోవడం వల్ల. ప్రవస్టాటిన్ మన దగ్గర తక్కువే రాస్తారు, కానీ మనం రోజూ ఇచ్చే అటోర్వా, రోసువా కూడా అదే దారిలో వెళ్ళేవే, అందుకని రెండూ కలిపి వాడుతూ పిక్కలు, తొడలు కారణం లేకుండా నొప్పులు పెడుతుంటే ఈ క్యాప్సూల్ సంగతి డాక్టర్ కి తప్పకుండా చెప్పండి.

ఇంకో చిక్కు ఏంటంటే అన్ని మందులూ పెరుగుతాయని కూడా లేదు. మిడజోలామ్ అనే మత్తు మందుని క్వెర్సెటిన్ వాడినవాళ్ళకి ఇస్తే రక్తంలో అది తగ్గింది. కిడ్నీ మార్పిడి అయినవాళ్ళు వాడే సైక్లోస్పోరిన్ అయితే ఆరోగ్యవంతులైన మనుషుల్లో పెరిగింది, ఎలుకల్లో పందుల్లో తగ్గింది. పెరిగితే కొత్త కిడ్నీకి విషం, తగ్గితే ఒళ్ళు కొత్త కిడ్నీని తిప్పికొడుతుంది, ఏ వైపు పోతుందో ముందే చెప్పలేనప్పుడు దాని దగ్గరికి వెళ్ళకపోవడమే. మార్పిడి అయినవాళ్ళకే ఇచ్చే టాక్రోలిమస్ వాడేవాళ్ళకి కూడా నేను ఇదే చెప్తాను. అలాగని ప్రతి మందుతో గొడవే అనుకోకండి, సాక్వినవిర్ అనే హెచ్ఐవీ మందు, రోసిగ్లిటజోన్ అనే షుగర్ మందు, ఈ రెండిటితో మనుషుల్లో చూస్తే చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. అందుకే "నేచురల్ కదా ఏం కాదు" అన్న మాటా పనికిరాదు, "అస్సలు ముట్టుకోకూడదు" అన్న మాటా పనికిరాదు, మీ చేతిలో ఉన్న ప్రిస్క్రిప్షన్ లో ఏ మందు ఉందో దాన్ని బట్టే.

నేచురల్ అంటే గుర్తొచ్చింది, డిగాక్సిన్ కూడా మొక్కదే, ఫాక్స్‌గ్లోవ్ అనే పూల మొక్క ఆకుల నుంచి తీస్తారు. వార్ఫరిన్ పుట్టుక కూడా బూజు పట్టిన పశుగ్రాసం తిని పశువులు రక్తం కారి చనిపోతుంటే ఎందుకని వెతకడం దగ్గర మొదలైంది.

ఇప్పుడు ఈ క్యాప్సూల్ లో రెండో వస్తువు బ్రోమెలైన్, అనాసపండు కాడ నుంచి తీసే ఎంజైమ్. క్వెర్సెటిన్ ఒంటికి బాగా పట్టడానికి కలిపాం అని కంపెనీ చెప్తుంది, దానికి గట్టి రుజువు నాకైతే కనపడలేదు. అనాసపండు పడనివాళ్ళకి ఇది పడదు, రక్తం గడ్డకట్టడాన్ని ఇది కూడా కొంచెం తగ్గిస్తుంది. మీకు తెలియకుండానే ఈ రెండిటినీ మీరు ఇదివరకే వాడి ఉండొచ్చు, పన్ను పీకాకో ఆపరేషన్ అయ్యాకో వాపు తగ్గడానికి డాక్టర్లు ట్రిప్సిన్, బ్రోమెలైన్, రుటోసైడ్ కలిపిన మాత్ర రాస్తారు చూడండి, ఆ రుటోసైడ్ అంటే క్వెర్సెటిన్ కే ఒక చక్కెర ముక్క తగిలించిన రూపం. కాబట్టి ఈ క్యాప్సూల్ వాడుతూ ఆ మాత్ర కూడా వేసుకుంటే ఒకే జాతి వస్తువులు డబుల్ అవుతాయి. ఆపరేషన్ ఉంటే కనీసం రెండు వారాల ముందే ఆపేసి, మత్తు డాక్టర్ అడిగినప్పుడు "ఏ మందులూ వాడట్లేదు" అనకుండా ఇది వాడాను అని చెప్పండి. చాలామంది సప్లిమెంట్ ని మందు కింద లెక్కేయరు, అందుకే చెప్పరు.

కొత్తగా ఫైటోసోమ్ అని ఇంకో రకం వచ్చింది, లెసిథిన్ తో కలిపి తయారుచేస్తారు, మామూలు క్వెర్సెటిన్ కంటే రక్తంలోకి 20 రెట్ల దాకా ఎక్కువ వెళ్తుందని దాని మీద చేసిన స్టడీలో ఉంది. అమ్మేవాళ్ళకి అది గొప్ప, మందులు వాడేవాళ్ళకి అది ఇంకా ఎక్కువ జాగ్రత్త పడాల్సిన విషయం, ఎందుకంటే పైన చెప్పిన 55 శాతాలు, 24 శాతాలు అన్నీ మామూలు క్వెర్సెటిన్ తో కొలిచినవి. కొనేటప్పుడు డబ్బా మీద ఉన్న మిల్లీగ్రాములు ఒక్కటే చూడకండి, ఏ రూపమో చూడండి.

లేబుల్ కి ఒకటే మార్కు ఎందుకు ఇచ్చానో ఇప్పుడు చెప్తా. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో, నేను కళ్ళజోడు పెట్టుకుని వెలుతురులోకి వెళ్ళి చదవాల్సి వచ్చినంత చిన్నగా, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మందులు వాడేవాళ్ళు డాక్టర్ ని సంప్రదించాలి అని ఒక్క లైను ఉంది. ఆ లైను దాదాపు అన్ని సప్లిమెంట్ల మీదా ఉంటుంది, ప్రోటీన్ పౌడర్ మీద కూడా ఉంటుంది, దాన్ని చూసి ఎసిట్రోమ్ పేషెంట్ ఎవరూ ఆగరు. ఏ మందులో పేర్లు రాయాలి కదా, రక్తం పల్చబడే మందులు, డిగాక్సిన్, మార్పిడి అయినవాళ్ళ మందులు, ఈ మూడు మాటలు పట్టడానికి డబ్బా మీద చోటు లేదా? కస్టమర్ కేర్ కి మెయిల్ పెట్టాను, ఎసిట్రోమ్ వాడే మనిషి దీన్ని తీసుకోవచ్చా అని సూటిగా అడిగాను. ఇది వంద శాతం సహజమైనది, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు, నిశ్చింతగా వాడండి అని జవాబు వచ్చింది. చదివి నాకు నిజంగా భయం వేసింది. ఆ మెయిల్ ని నమ్మి మొదలుపెట్టే పెద్దవాళ్ళు ఎంతమంది ఉంటారో.

మన దేశంలో ఇవి మందుల కింద రావు, ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కిందికి వస్తాయి, 2016 నియమాల ప్రకారం హెల్త్ సప్లిమెంట్ అని, వైద్యానికి వాడేది కాదు అని లేబుల్ మీద రాయాలి, 14 అంకెల లైసెన్స్ నంబర్ ఉండాలి. ఈ డబ్బా మీద అవి ఉన్నాయి, ఆ విషయంలో తప్పు పట్టను. కానీ ఒక పక్క వైద్యానికి కాదు అని రాసి, ఇంకో పక్క యాంటీహిస్టమిన్ అని మందు పేరు పెట్టుకోవడం ఏం పద్ధతి? అమెరికా నుంచి వచ్చే డబ్బాల సంగతి కూడా గొప్పగా ఏం లేదు, అక్కడ 1994 చట్టం వల్ల సప్లిమెంట్ మార్కెట్లోకి రాకముందు ప్రభుత్వం అనుమతి అక్కర్లేదు, అమెరికాదంటే పరీక్ష చేసి వచ్చిందని కాదు.

అక్కడే జరిగిన ఇంకో ఫ్లేవనాయిడ్ కథ తెలిస్తే ఇంకా అర్థమవుతుంది. లింబ్రెల్ అని కీళ్ళనొప్పులకి అమ్మేవాళ్ళు, అందులో రెండు మొక్కల ఫ్లేవనాయిడ్లు, ఒకటి మన చండ్ర చెట్టు నుంచి తీసింది, తాంబూలంలో వేసే కాచు వచ్చేది ఆ చెట్టు నుంచే. ఏళ్ళ తరబడి అమ్మారు, లివర్ దెబ్బతిన్నవాళ్ళ రిపోర్టులు, ఊపిరితిత్తులు వాచినవాళ్ళ రిపోర్టులు వచ్చి వచ్చి చివరికి 2017లో ఎఫ్‌డీఏ వెనక్కి తీసుకోమంది. గ్రీన్ టీ క్యాప్సూల్స్ కూడా అంతే, అందులో ఉండే ఈజీసీజీ రోజుకి 800 మిల్లీగ్రాములు దాటితే లివర్ ఎంజైములు పెరుగుతున్నాయని యూరప్ ఆహార భద్రత సంస్థ 2018లో చెప్పింది. టీ తాగినవాళ్ళకి కాదు, క్యాప్సూల్ లో కుదించి మింగినవాళ్ళకి.

మిగిలినవి తొందరగా చెప్పేస్తా. క్యాన్సర్ మందులు నడుస్తుంటే అంకాలజిస్టు ఒప్పుకోకుండా వద్దు, బోర్టెజోమిబ్ అనే మందు పనిని క్వెర్సెటిన్ అడ్డుకోవడం ల్యాబులో చూశారు, రొమ్ము క్యాన్సర్ హార్మోన్ రకం ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్త. గర్భంతో ఉన్నవాళ్ళు, పాలిచ్చేవాళ్ళు వద్దు, వాళ్ళకి సేఫ్ అని చెప్పడానికి సరిపడా డేటా లేదు. ఇది ఇనుముని పట్టేసుకుంటుంది, రక్తహీనతకి ఐరన్ మాత్రలు వాడేవాళ్ళు రెండిటినీ ఒకేసారి మింగకండి. షుగర్ మాత్రలు వాడేవాళ్ళు మొదలుపెడితే మొదట్లో షుగర్ తరచుగా చూసుకోండి.

మా చెల్లి విషయానికి వస్తే, తనకి వేరే జబ్బులు లేవు, క్రియాటినిన్ నార్మల్, అల్లెగ్రా ఆపి భోజనం తర్వాత రోజుకి ఒక్క క్యాప్సూల్ చొప్పున వాడింది. కడుపులో ఇబ్బంది ఏం రాలేదు, తుమ్ములు కొంచెం తగ్గాయంటుంది, అదే సమయంలో దిండు గలీబులు వారం వారం వేడినీళ్ళలో ఉతకడం కూడా మొదలుపెట్టింది కాబట్టి దేనివల్ల తగ్గిందో నేను చెప్పను. నెలకి వెయ్యి రూపాయల పైన ఖర్చు, పది రూపాయల లోపు దొరికే సెట్రిజిన్ మాత్ర తో పోలిస్తే ఆ డబ్బుకి తగ్గ లాభం కనపడలేదు. ఇంకో డబ్బా తెప్పించుకోవట్లేదు.

కొనాలనుకునేవాళ్ళు ముందు వాడుతున్న మందుల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని, ఈ డబ్బా ఫోటో కూడా తీసుకుని మీ డాక్టర్ కో, తెలిసిన ఫార్మసిస్ట్ కో చూపించండి, రెండు నిమిషాల పని, నాలాంటి వాళ్ళం డబ్బులు కూడా తీసుకోం. ఇప్పటికే వాడుతూ ఉండి చిగుళ్ళ నుంచి రక్తం, ఒంటి మీద దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, నల్లటి విరేచనం, కళ్ళముందు పసుపుగా కనపడటం, గుండె దడ, వీటిలో ఏది వచ్చినా క్యాప్సూల్ ఆపి వెంటనే హాస్పిటల్ కి వెళ్ళండి, ఎసిట్రోమ్ గానీ డిగాక్సిన్ గానీ మీ అంతట మీరు ఆపకండి, అది డాక్టర్ చెప్పాలి. తర్వాత 1800 180 3024 కి ఫోన్ చేసి రిపోర్ట్ చేయండి, అది మందుల దుష్ప్రభావాలు నమోదు చేసుకునే మన ప్రభుత్వ టోల్‌ఫ్రీ నంబర్, మామూలు మనుషులు కూడా చేయొచ్చు. ఫోన్ చేసేటప్పుడు డబ్బా మీద బ్యాచ్ నంబర్ అడుగుతారు, కాబట్టి ఖాళీ అయినా డబ్బా పారేయకండి.